అక్కాచెల్లెళ్ళ మధ్య దాచిన మాట: ఏ నవల ఎవరికి?

పోయిన నెల ఒక ఆదివారం మా ఇంట్లో పుస్తకాల గురించి మాట్లాడుకోవడం అయిపోయింది. అందరూ గడపలో చెప్పులు వేసుకుంటుంటే ఒక అమ్మాయి మాత్రం వెనక ఆగింది. "అక్కా, అక్కాచెల్లెళ్ళ నవల మంచిది ఒకటి చెప్పండి. బెంగళూరులో ఉన్న మా చెల్లికి పంపాలి," అంది. ఎలాంటిది కావాలని అడిగితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత నెమ్మదిగా చెప్పింది. "ఇంట్లో ఒక విషయం దాచారు. నాకు తెలుసు, దానికి తెలీదు. ఇప్పుడు దానికీ తెలిసింది. ఏడాదిగా నా ఫోన్ ఎత్తడం లేదు."

నేను తొందరపడి నోటికొచ్చిన పేరు ఒకటి చెప్పేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను చెప్పిన నవల మొదటి వాక్యంలోనే ఆ ఇంటి పిల్ల చనిపోయి ఉంటుంది. పుస్తకం చాలా గొప్పది, నిజమే. కానీ అలిగి కూర్చున్న చెల్లెలికి అక్క పంపవలసిన పుస్తకం అది కాదు. తెల్లారగానే ఫోన్ చేసి, ఇంకా కొనలేదు కదా, ఆగమ్మా అన్నాను. ఆ తర్వాత నా అలమరలో ఈ రకం నవలలన్నీ కింద పరిచి, ఏది ఎవరికి సరిపోతుందో రాసుకుంటూ కూర్చున్నాను. ఈ వ్యాసం అలా తయారైంది.

తిరుపతిలో మేం ఎనిమిది తొమ్మిది మందిమి ఇలా నెలకొకసారి కలుస్తాం. యూనివర్సిటీలో చదువుకునేవాళ్ళు ఇద్దరు, టీచర్లు, ఇంటిపట్టున ఉండేవాళ్ళు, రిటైరైనవాళ్ళు. ఇంగ్లీషు నవల గబగబా చదివేసేవాళ్ళూ ఉన్నారు, పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివేవాళ్ళూ ఉన్నారు. కాబట్టి కథ ఒక్కటే చూసి పుస్తకం చెప్తే సరిపోదు, చదివే మనిషిని కూడా చూడాలి.

రహస్యం ఎంత పెద్దదని చూడకండి

ఈ రకం నవలల అట్ట వెనక ఎప్పుడూ ఒకే మాట ఉంటుంది: ఒక కుటుంబం, దాచిన ఒక నిజం, అది బయటపడితే అంతా తలకిందులు. అది చదివి ఎంచుకుంటే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. నేను చూసేవి వేరే. రహస్యం ఎవరి దగ్గర ఉంది, ఎవరి నుంచి దాచారు, బయటపడ్డాక ఆ అక్కాచెల్లెళ్ళకు ఇంకా ఎన్ని పేజీల జీవితం మిగిలి ఉంది.

మూడోది చాలా ముఖ్యం. దాచిన మాట చివరి పాతిక పేజీల్లో బయటపడితే ఆ నవల ఉత్కంఠ కోసం రాసింది. రైలు ప్రయాణానికి బాగుంటుంది. సగంలోనే తెలిసిపోతే, తెలిశాక ఆ మనుషులు ఒకరి ముఖం ఒకరు ఎలా చూసుకున్నారో రచయిత్రి రాయదలచుకుందని అర్థం. రెండోసారి చదవాలనిపించేవి ఇవే. నా ఓటు ఎప్పుడూ వీటికే. ఎందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

మా పెద్దమ్మ పెళ్ళి 1984లో, మా అమ్మ పెళ్ళి 1987లో. మూడేళ్ళ తేడా. ఆ మూడేళ్ళ మధ్యలో ఒక చట్టం ఉంది. ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టానికి సవరణ చేసి, దాన్ని 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి తెచ్చింది. పిత్రార్జితంలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా వచ్చింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయిన ఆడపిల్లలకు అది వర్తించదు. అలా ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో మా అమ్మకు వాటా ఉంది, పెద్దమ్మకు లేదు. దేశమంతటికీ వర్తించే సవరణ 2005 సెప్టెంబర్ 9న వచ్చింది. అప్పటికే మా మామ భాగాలు పంచేసి రిజిస్టరు చేయించేశాడు. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకాలను ఆ కొత్త సవరణ ముట్టుకోదు.

2004 వేసవిలో మామ వచ్చి మా అమ్మ దగ్గర ఒక్క సంతకం తీసుకుపోయాడు. తన వాటా వదులుకున్నట్టు రిలీజ్ డీడ్. పెద్దమ్మకు ఈ విషయం ఆరు నెలలకు తెలిసింది. డబ్బు తీసుకుని సంతకం పెట్టిందనీ, తనకు ఒక్క మాటైనా చెప్పలేదనీ అనుకుంది. మాటలు ఆగిపోయాయి. నేను అవ్వను అడిగితే "ఆ మాట నీకెందుకు మే" అని కసిరేది. పదమూడేళ్ళు అలాగే గడిచాయి. ఒకే పెళ్ళికి వచ్చి వేరే వేరే పంక్తుల్లో కూర్చుని భోంచేసేవాళ్ళు.

అసలు సంగతి మా పెద్దమ్మ కూతురు బయటపెట్టింది. ఆమెను మామ కొడుక్కే ఇచ్చారు. సంతకం పెట్టకపోతే ఆ సంబంధం ఉండదని మామ చెప్పాడట. అక్క కూతురి పెళ్ళి ఆగిపోతుందని అమ్మ పైసా తీసుకోకుండా వేలు ముద్ర వేసినంత తేలిగ్గా సంతకం పెట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఆ పిల్ల అత్తింట్లో తలెత్తుకోలేదని. 2017లో గంగజాతరకు అందరూ తిరుపతి వచ్చినప్పుడు, తాతయ్యగుంట గుడి దగ్గర, పొంగలి పొయ్యి ముందు, ఆమె ఈ విషయం చెప్పింది. అమ్మా పెద్దమ్మా కావిలించుకుని ఏడుస్తారని నేను అనుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు. పెద్దమ్మ చాలాసేపు పొయ్యి వైపే చూసింది. తర్వాత లేచి, అమ్మ కుండ పొంగిపోతుంటే తన కొంగుతో పట్టుకుని దించింది. మాటలు కలవడానికి ఇంకో ఏడాది పట్టింది.

అందుకే ఇప్పుడు ఏ నవల తీసుకున్నా ముందు ఆ ఏడాది అందులో ఉందా అని చూస్తాను.

(మన ఊరు ఇలాంటి కథలకు కొత్త కాదు. కొండ మీద తమ్ముడు, కింద అన్న గోవిందరాజస్వామి. తమ్ముడు పెళ్ళికి కుబేరుడి దగ్గర చేసిన అప్పు తీర్చడానికి డబ్బు కొలిచి కొలిచి అలసి, కుంచం తలకింద పెట్టుకుని పడుకున్నాడని చెప్పుకుంటాం. చెల్లెలు గంగమ్మ. జాతరకు కొండ మీద నుంచి పుట్టింటి సారె వస్తుంది. ఆ గంగమ్మ కూడా పాళెగాణ్ణి వెతుకుతూ రోజుకో వేషం వేసుకుని, తానెవరో దాచుకుని తిరిగింది. తోడబుట్టినవాళ్ళూ, అప్పూ, దాచిన పేరూ అన్నీ మన వీధుల్లోనే ఉన్నాయి.)

మన ఇంటికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చే నవల

శశి దేశ్‌పాండే రాసిన 'ఎ మ్యాటర్ ఆఫ్ టైమ్', 1996. చిత్తూరు, తిరుపతి వైపు ఆడవాళ్ళు ఎవరడిగినా నేను ముందు దీని పేరే చెప్తాను. ఒక కారణం మేనరికం.

ఇందులో కల్యాణిని ఆమె తల్లి తన సొంత తమ్ముడు శ్రీపతికే ఇచ్చి పెళ్ళి చేస్తుంది. ఆస్తి బయటికి పోకూడదని. అమెరికా పాఠకులకు ఇది వివరించి చెప్పాలి. మనకు అక్కర్లేదు. అక్క కూతుర్ని తమ్ముడు చేసుకోవడం, అక్కే అత్త కావడం, ఒకే మనిషిని చిన్నప్పుడు మామా అని పిలిచి తర్వాత పేరు పెట్టి పిలవలేకపోవడం మన ఇళ్ళలో చూసినవే. ఆ ఇంట్లో శ్రీపతి మేడ మీద ఉంటాడు, కల్యాణి కింద. దశాబ్దాలుగా భార్యతో ఒక్క మాట మాట్లాడడు. ఏదైనా కావాలంటే గంట కొడతాడు. ఎందుకు మాట్లాడడో వాళ్ళ కూతుళ్ళు సుమి, ప్రేమిలకు చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు సుమి భర్త గోపాల్ ఏ కారణం చెప్పకుండా ఇల్లు వదిలి వెళ్ళిపోతాడు. సుమి ముగ్గురు కూతుళ్ళను వెంటబెట్టుకుని ఆ పాత ఇంటికి వస్తుంది. మూడు తరాల ఆడవాళ్ళు, చెప్పని మాటలు చుట్టూ తిరిగే ఒక పెద్ద ఇల్లు.

ఆ మౌనానికి కారణం ఏమిటో నేను చెప్పను. అది తెలిసినప్పుడు నాకు కోపం రాలేదు. కల్యాణి అన్నేళ్ళు కింద అంతస్తులో ఎలా నవ్వుతూ తిరిగిందో అని ఆశ్చర్యం వేసింది. సుమి పెద్ద కూతురు, ఆరు అనే అమ్మాయి, అమ్మ తరఫున కోపం తెచ్చుకుని తిరగడం, చెల్లెళ్ళు వాళ్ళ వాళ్ళ పద్ధతిలో తట్టుకోవడం, సుమి ప్రేమిల మధ్య ఉండే చిన్న ఎడం, ఇవన్నీ చాలా నిదానంగా వస్తాయి. ఆ నిదానమే కొందరికి ఇబ్బంది. మధ్యలో కథ ఆపి ఆలోచనలు సాగుతాయి. మహాభారతం, ఉపనిషత్తుల ప్రస్తావనలు వస్తాయి. మా గుంపులో ఒకరు యాభై పేజీలకే వదిలేశారు. ఇంకొకరు, ఆమె వయసు అరవై దాటింది, పూర్తిచేసి నాకు ఫోన్ చేసి చాలాసేపు వాళ్ళ అమ్మ గురించి మాట్లాడారు. ఓపికగా చదివేవాళ్ళకు, తల్లి తరంలో ఏదో ముడి ఉండిపోయిందని అనిపించేవాళ్ళకు ఇది. పుట్టినరోజుకు ఇచ్చే పుస్తకం మాత్రం కాదు.

అదే రచయిత్రి 1980లో రాసిన 'ద డార్క్ హోల్డ్స్ నో టెరర్స్' కూడా తోబుట్టువుల గాయమే. చిన్నప్పుడు తమ్ముడు ధ్రువ నీళ్ళలో మునిగి చనిపోతాడు. ఆ నేరం తల్లి తన కూతురు సరు మీద వేస్తుంది. సరు పెద్దదై డాక్టరవుతుంది. అయినా ఆ మాట వదలదు. ఇది చిన్న పుస్తకమే గానీ బరువైనది. భర్త చేసే శారీరక హింస అందులో సూటిగా ఉంటుంది. అలాంటి అనుభవం ఉన్నవాళ్ళకు ముందే చెప్పి ఇవ్వాలి, చెప్పకుండా ఇవ్వకూడదు.

పోలిక: అక్క దాచితే, ఇల్లు దాచితే

చాలామంది ఈ రెండిటినీ కలిపేస్తారు. అక్క చెల్లి నుంచి దాచిన మాట ఒక రకం. పెద్దవాళ్ళు పిల్లలందరి నుంచీ దాచిన మాట ఇంకో రకం. రెండోది పిల్లలను దగ్గర చేసే అవకాశం ఉంది, ఎందుకంటే అందరూ ఒకే వైపు ఉన్నారు. మొదటిది అలా కాదు. తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ అని ఇల్లు రెండుగా చీలుతుంది.

అక్క దాచే కథకు చిత్రా బెనర్జీ దివాకరుణి 'సిస్టర్ ఆఫ్ మై హార్ట్' (1999) మంచి ఉదాహరణ. కలకత్తాలో ఒక పాత ఇల్లు. అంజు, సుధ ఒకే రోజు కొన్ని గంటల తేడాతో పుడతారు. తండ్రులు కెంపుల వేటకు వెళ్ళి తిరిగిరారు. ముగ్గురు తల్లుల్లాంటి ఆడవాళ్ళు ఇద్దరినీ పెంచుతారు. అందులో ఒక మేనత్త ఒక విషయం సుధకు మాత్రమే చెప్తుంది. అప్పటి నుంచీ సుధ ప్రతి నిర్ణయం వెనకా ఆ విషయం ఉంటుంది, అంజుకు మాత్రం అది తెలియదు. సుధ ఎందుకు వెనక్కి తగ్గుతోందో, దేనికి అంత త్యాగం చేస్తోందో అంజు తప్పుగా అర్థం చేసుకుంటుంది. మా అమ్మ సంతకం నాకు ఈ పుస్తకంలో ప్రతి పది పేజీలకూ గుర్తొచ్చింది.

ఇంకో సంగతి. ఇంగ్లీషులో వీళ్ళిద్దరూ కజిన్లు. తెలుగులో ఆ మాటే లేదు. పెద్దనాన్న కూతురైనా చిన్నాన్న కూతురైనా వయసును బట్టి అక్కో చెల్లెలో, అంతే. మేనమామ, మేనత్త పిల్లలైతేనే బావ, మరదలు, వదిన. కాబట్టి వీళ్ళు సొంత అక్కచెల్లెళ్ళా కాదా అనే ప్రశ్న ఇంగ్లీషు పాఠకులకు ఎంత పెద్దదో మనకు అంత పెద్దది కాదు. మనం నేరుగా అక్కాచెల్లెళ్ళుగానే చదువుతాం. ఇది మనకు అదనంగా దొరికే సౌకర్యం. అధ్యాయాలు ఒకటి సుధ గొంతులో, ఒకటి అంజు గొంతులో వస్తాయి. భాష సులువు, మధ్యలో జానపద కథలు. ఇంగ్లీషు నవల ఇప్పుడే మొదలుపెట్టేవాళ్ళకు కూడా ఇది నడుస్తుంది. కొన్ని చోట్ల కథ సినిమాలా అయిపోతుందని నాకూ అనిపించింది. అయినా ఇస్తాను. నచ్చితే దీనికి కొనసాగింపు 'ద వైన్ ఆఫ్ డిజైర్' 2002లో వచ్చింది. అది మాత్రం మొదటిదంత వెచ్చగా ఉండదు, అమెరికాలో ఆ ఇద్దరి మధ్య బంధం బాగా నలుగుతుంది.

ఇల్లంతా దాచే కథకు సెలెస్ట్ ఇంగ్ 'ఎవ్రీథింగ్ ఐ నెవర్ టోల్డ్ యూ' (2014). నేను పొరపాటున చెప్పిన పుస్తకం ఇదే. 1977, అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఒక చిన్న ఊరు. చైనా మూలాలున్న తండ్రి, తెల్ల జాతి తల్లి, ముగ్గురు పిల్లలు. మధ్య పిల్ల లిడియా చనిపోయిందని పాఠకులకు మొదటే తెలుస్తుంది, ఇంట్లోవాళ్ళకు ఇంకా తెలియదు. ఒక్క పెద్ద రహస్యం అంటూ ఉండదు. ప్రతి ఒక్కరూ ప్రతి ఒక్కరి నుంచీ చిన్న చిన్న మాటలు మింగేసి ఉంటారు. తల్లిదండ్రులు తీరని ఆశలన్నీ ఒక్క బిడ్డ మీద పెట్టడం, అన్న నాథ్‌కు ఎన్ని మార్కులు వచ్చినా ఎవరూ తలెత్తి చూడకపోవడం, చిట్టి చెల్లెలు హానా బల్ల కింద కూర్చుని అందరినీ గమనించడం, ఇవి ఈఏపీసెట్, నీట్ కోచింగుల చుట్టూ తిరిగే మన ఇళ్ళకు చాలా దగ్గర. పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలున్న తల్లులకు నేను గట్టిగా చెప్పేది ఇదే. తోబుట్టువును పోగొట్టుకున్నవాళ్ళకు మాత్రం ఇవ్వకండి. అడిగి తీసుకుంటే అది వేరే విషయం.

చెల్లెలు పారిపోయిన కథ, అక్క మిగిలిపోయిన కథ

బ్రిట్ బెనెట్ 'ద వానిషింగ్ హాఫ్' (2020), అనితా దేశాయ్ 'క్లియర్ లైట్ ఆఫ్ డే' (1980) పక్కపక్కన పెట్టి చూడండి. నలభై ఏళ్ళ దూరం, రెండు దేశాలు. కానీ రెండిట్లోనూ ప్రశ్న ఒకటే. ఇంటి నుంచి వెళ్ళిపోయినవాళ్ళు ఏం దాచుకుని బతుకుతారు, ఉండిపోయినవాళ్ళు ఏం దాచుకుని బతుకుతారు.

బెనెట్ నవలలో కవల అక్కాచెల్లెళ్ళు డిసైరీ, స్టెల్లా. లూసియానాలో మాలర్డ్ అనే ఊరు, అది రచయిత్రి కల్పించిన ఊరు. అక్కడి నల్లజాతివాళ్ళు తరతరాలుగా లేత రంగు కోసం పాకులాడతారు. ఇద్దరూ పదహారేళ్ళకు పారిపోతారు. తర్వాత స్టెల్లా ఒకరోజు అక్కను కూడా వదిలేసి, తెల్లజాతి స్త్రీగా కొత్త జీవితం మొదలుపెడుతుంది. భర్తకు తెలియదు, కూతురికి తెలియదు. 1968లో డిసైరీ ముదురు రంగున్న కూతురితో సొంత ఊరికి తిరిగి వస్తుంది. రహస్యం ఏమిటో మనకు ముందే తెలుసు, కాబట్టి మిగతాదంతా అది ఎంత ఖరీదైనదో చూడడమే. ఆ ఖరీదు ఇద్దరు కూతుళ్ళ దాకా వస్తుంది. పెళ్ళిచూపుల్లో రంగు గురించి మాటలు పడ్డ ఏ ఆడపిల్లకైనా ఇది గుచ్చుకుంటుంది. కులం పేరు చెప్పకుండా ఊరు మారి బతికేవాళ్ళ సంగతి తెలిసినవాళ్ళకు ఇంకా ఎక్కువ. కాలం ముందుకూ వెనక్కూ పోతుంది, పాత్రలు ఎక్కువ, అందుకని ఒక కాగితం మీద పేర్లు రాసుకుంటే తేలిక. ఈ మధ్య వచ్చినవాటిలో ఒక్కటే చదువుతాను అంటే నేను దీన్నే చేతిలో పెడతాను.

దేశాయ్ నవలలో చెల్లెలు తార విదేశాల్లో ఉద్యోగం చేసే భర్తతో వెళ్ళిపోయింది. అక్క బిమ్ పాత ఢిల్లీలో ఆ పాత ఇంట్లోనే ఉండిపోయింది, కాలేజీలో పాఠాలు చెప్తూ, మాట సరిగా రాని తమ్ముడు బాబాను చూసుకుంటూ. అన్న రాజా హైదరాబాదులో స్థిరపడ్డాడు. ఇక్కడ ఉలిక్కిపడే రహస్యం ఏదీ లేదు. ఒక ఉత్తరం ఉంది. ఆ ఇంటి యజమాని ఆస్తి రాజాకు వచ్చాక, అద్దె పెంచను, ఉన్నంతకాలం ఉండవచ్చు అని అక్కడి నుంచి రాసిన ఉత్తరం. రాసినవాడికి అది మంచితనం. చదివినదానికి చెంపదెబ్బ. బిమ్ దానికి జవాబు రాయదు. ఏళ్ళ తరబడి దాచి ఉంచుకుంటుంది. మా అమ్మకూ మామకూ మధ్య ఉన్నది ఇదే అని నాకు ఈ ఉత్తరం చదివాకే తోచింది. ఈ నవల 1980లో బుకర్ తుది జాబితాలోకి వెళ్ళింది. రెండువందల పేజీలు కూడా ఉండదు, అయినా త్వరగా చదవలేం. ఎండ, దుమ్ము, తోట, గ్రామఫోన్ పాటలు అన్నీ వర్ణనలోనే ఉంటాయి. పెళ్ళి చేసుకోకుండా తల్లిదండ్రులనో తమ్ముణ్ణో చూసుకుంటూ ఉండిపోయిన అక్క మీ ఇంట్లో ఉంటే ముందు మీరు చదవండి. ఆమెకు ఇవ్వాలా వద్దా అన్నది తర్వాత మీకే తెలుస్తుంది.

త్వరగా చదివేసేవి కావాలంటే

ఒయింకన్ బ్రెయిత్‌వెయిట్ 'మై సిస్టర్, ద సీరియల్ కిల్లర్' (2018) పేరు చూసి భయపడకండి. లాగోస్‌లో నర్సుగా పనిచేసే అక్క కొరెడె, అందగత్తె చెల్లెలు అయూలా. చెల్లెలు చేసినదాన్ని అక్క కడిగి శుభ్రం చేస్తుంది, అక్షరాలా. రెండు మూడు పేజీల అధ్యాయాలు, సులువైన ఇంగ్లీషు. ఇంట్లో అందమైన పిల్లకు ఒక న్యాయం, మామూలు పిల్లకు ఒక న్యాయం ఎలా ఉంటుందో ఇంత సూటిగా చెప్పిన పుస్తకం నేను చదవలేదు. తండ్రి గురించిన పాత సంగతి లోపల నుంచి మెల్లగా వస్తుంది. ఇంగ్లీషు అంటే బెరుకున్నవాళ్ళు దీనితో మొదలుపెట్టవచ్చు.

లియాన్ మోరియార్టీ 'యాపిల్స్ నెవర్ ఫాల్' (2021) లావు పుస్తకం. సిడ్నీలో టెన్నిస్ నేర్పే దంపతులు, నలుగురు పెద్దపిల్లలు. తల్లి ఒకరోజు కనిపించకుండా పోతుంది, అనుమానం తండ్రి మీద. సంభాషణలు చకచకా నడుస్తాయి. నలుగురిలో ఒకరికి ఒక జ్ఞాపకం, ఇంకొకరికి దానికి పూర్తిగా వేరే జ్ఞాపకం ఉండడం చాలా బాగుంది. కాస్త కత్తిరించి ఉంటే ఇంకా బాగుండేది. ఆన్ ప్యాచెట్ 'ద డచ్ హౌస్' (2019)లో అక్క మేవ్ కథను తమ్ముడు డానీ చెప్తాడు. సవతితల్లి వెళ్ళగొట్టిన ఇంటి ముందు ఇద్దరూ ఏళ్ళ తరబడి కారు ఆపుకుని కూర్చుంటారు. అక్క తన కోసం ఏం వదులుకుందో తమ్ముడికి ఎంత ఆలస్యంగా తెలిసిందో చూస్తే, దీన్ని మీ తమ్ముడికి ఇవ్వాలనిపిస్తుంది. ఇవ్వండి.

తెలుగులోనే చదువుతాను అంటే

ఓల్గా 'విముక్త' తీసుకోండి. ఈ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. నవల కాదు, కథలు. పేరు పెట్టిన కథలో సీత, ఊర్మిళ ఉన్నారు. అడవికి వెళ్ళిన అక్క గురించి మనకు అంతా తెలుసు. పధ్నాలుగేళ్ళు తలుపు వేసుకుని ఉన్న చెల్లెలు లోపల ఏం చేసిందో మనం అడగలేదు. అందరూ నిద్రపోయిందని చెప్పుకున్న చెల్లెలు అక్కతో కూర్చుని మాట్లాడడం ఈ కథలో ఉంది. మా గుంపులో దీన్ని ఒక మధ్యాహ్నం బిగ్గరగా చదువుకున్నాం. ఇంగ్లీషులో 'ద లిబరేషన్ ఆఫ్ సీత' పేరుతో 2016లో వచ్చింది కాబట్టి, తెలుగు చదవడం రాని పిల్లలున్న ఇంట్లో తల్లి తెలుగులో, కూతురు ఇంగ్లీషులో చదివి మాట్లాడుకోవచ్చు. 

కొనే ముందు

ఏ పుస్తకమైనా ముందు శాంపిల్ పేజీలు ఫోన్లో తెరిచి చదవండి. మొదటి పది పేజీల్లో కథ చెప్పేది ఎవరో చూడండి. ఒకే తోబుట్టువు గొంతులో నడిస్తే, చదివేవాళ్ళు తెలియకుండానే ఆ ఒక్కరి పక్షాన నిలబడతారు. తగాదా నడుస్తున్న ఇంట్లో ఇది మంచిది కాదు. ఇద్దరి గొంతులూ ఉండాలి, లేదా ఇద్దరినీ బయటి నుంచి సమానంగా చూపించాలి. 'సిస్టర్ ఆఫ్ మై హార్ట్', 'ద వానిషింగ్ హాఫ్', 'క్లియర్ లైట్ ఆఫ్ డే' ఈ లెక్కలో సరిపోతాయి. 'మై సిస్టర్, ద సీరియల్ కిల్లర్' పూర్తిగా అక్క వైపు. అక్కలు దాన్ని చెల్లెళ్ళకు పంపకపోవడమే మంచిది.

ఆస్తి తగాదా కోర్టులో ఉన్నవాళ్ళకు నేను ఈ పుస్తకాలేవీ చెప్పను. తండ్రి 2005 నాటికి బతికి ఉన్నా లేకపోయినా కూతురికి పుట్టుకతోనే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న చెప్పిన తర్వాత, చాలా ఇళ్ళలో పాత కాగితాలు మళ్ళీ బయటికి వచ్చాయి. అలాంటప్పుడు నవల పంపితే ఎత్తిపొడుపు అనుకుంటారు. లాయరు పని అయ్యాక చూసుకోవచ్చు.

ఇక ఆ అమ్మాయి సంగతి. ఆమెది తెలిసిన అక్క, తెలియని చెల్లి. మేమిద్దరం కూర్చుని 'సిస్టర్ ఆఫ్ మై హార్ట్' అని తేల్చుకున్నాం. రెండు కాపీలు తెప్పించింది. ఒకటి బెంగళూరుకు పంపుతూ లోపల చీటీ పెట్టింది: "ఇందులో సుధ అధ్యాయాలు నేను ముందు చదువుతాను, అంజు అధ్యాయాలు నువ్వు చదువు. తర్వాత మార్చుకుందాం." క్షమించమని రాయాలా అని అడిగింది. ఇప్పుడే వద్దులే అన్నాను. మూడు వారాలు ఏ కబురూ రాలేదు. పోయిన గురువారం రాత్రి పదిన్నరకు నాకు ఫోన్ చేసింది. చెల్లి నుంచి వాట్సాప్‌లో ఒకే ఒక్క వాక్యం వచ్చిందట. "నువ్వు ఎక్కడిదాకా వచ్చావు?"

ఈమె ఇంకా నలభయ్యో పేజీలోనే ఉంది. ఆ రాత్రి లైటు ఆర్పకుండా కూర్చుని చదువుతోంది.